తీర్పు పీఠం మీద కత్తి గుర్తు

అనగనగా, రాజు కోపానికి అడ్డూ ఆపూ లేని రోజుల్లో, రత్నవర్మ అనే రాజు ఉండేవాడు. తీర్పులు చెప్పడానికి అతనికి ఒక పీఠం కావలసి వచ్చింది. చలిదేశపు వర్తకుడు తెచ్చిన చెర్రీ చెక్కను మోనాచారి అనే ముసలి వడ్రంగికి అప్పగించి, "దీనికి పండిన ఎరుపు రావాలి ఆచారీ" అన్నాడు.

మోనాచారి పీఠం చేశాడు. గరుకు ఆకులతో నున్నగా రుద్దాడు. అవిసె నూనె పట్టించి, ఆరనిచ్చి, మళ్ళీ పట్టించాడు. ఇలా మూడుసార్లు. అయినా పీఠం పాలిపోయినట్టే ఉంది.

"ఇదేం రంగు? లక్కరంగు పులుము!" అన్నాడు రాజు.

"రంగు పూస్తే మచ్చలు కడుతుంది ప్రభూ. ఈ చెక్క వెలుగు తాగి తనంతట తానే ఎర్రబడుతుంది. ఆరు నెలలు కిటికీ దగ్గర ఉంచండి, చాలు."

రాజు సరేనన్నాడు. కానీ కొలువు కాపరికి భక్తి ఎక్కువ. దుమ్ము పడుతుందని కూర్చునే చోట పట్టుగుడ్డ కప్పి, ఆరు నెలలూ తీయలేదు. మంచిదనుకునే చేశాడు పాపం.

కొలువు నాటి ఉదయం గుడ్డ తీసి మడిచిపెట్టాడు. రాజు మోనాచారిని వెంటబెట్టుకుని వచ్చి చూశాడు. పీఠం చేతులూ వీపూ చిక్కటి ఎరుపు. కూర్చునే చోటు మాత్రం వెలవెలబోతోంది.

"రెండు రకాల చెక్క అతికించి నన్నే మోసం చేస్తావా? నీ కుడి బొటనవేలు తీయిస్తాను!" అంటూ రాజు కత్తి దూశాడు.

కాపరి భయంతో నోరు విప్పలేదు. బొటనవేలు పోతే వడ్రంగికి ఇంకేం మిగులుతుంది పిల్లలూ? మోనాచారి చేతులు జోడించాడు.

"మూడు రోజులు ఆగండి ప్రభూ. పీఠాన్ని ఎండలో పెట్టించి, దాని మీద మీ కత్తి ఉంచండి. ఎవరూ కదపకూడదు. అప్పటికీ మోసమనిపిస్తే ఆ కత్తితోనే నా వేలు తీయండి."

అది నడివేసవి. మొదటి రోజు ఏమీ తెలియలేదు. రెండో రోజు కాస్త ఛాయ మారింది. మూడో రోజు రాజే వచ్చి కత్తి ఎత్తాడు. కూర్చునే చోటంతా ఎరుపెక్కింది. కత్తి ఉన్న మేర మాత్రం, పిడితో సహా, దాని ఆకారం తెల్లగా మిగిలింది.

అప్పుడు కాపరి రాజు కాళ్ళ మీద పడి పట్టుగుడ్డ సంగతి చెప్పాడు.

రాజు సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఈ మచ్చ కూడా కొన్నాళ్ళకు కలిసిపోతుంది ప్రభూ" అన్నాడు మోనాచారి మెల్లగా.

"వద్దు ఆచారీ. కొలువు లేనప్పుడల్లా నా కత్తి అక్కడే ఉంటుంది. ఆ గుర్తు చూసుకోకుండా నేను తీర్పుకు కూర్చోను."

పిల్లలూ, నిజాన్ని వెలుగులో పెట్టి ఓపిక పడితే తన రంగు తానే చూపిస్తుంది; అంతవరకూ ఎవరి మీదా కత్తి ఎత్తకూడదు.