అయిదువేల ముప్ఫై తొమ్మిది

ఎవరేం అడిగినా సోమయాజులు మాస్టారు జవాబు చెప్పేవారు కారు. ఓ లెక్క ఇచ్చి కూర్చోబెట్టేవారు. భీమునిపట్నంలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లందరికీ ఈ బాధ తెలుసు. సుభద్రాయమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఇప్పటికీ చింతపిక్కలు కంటబడితే ఆయన ఇంటి వసారా, ఆ గచ్చు చల్లదనం ఆమెకు గుర్తొస్తాయి. మళ్లీ ఒక్కసారి ఆ గచ్చు మీద కూర్చోవాలనిపిస్తుంది. ఆ ఇల్లు ఎప్పుడో పడగొట్టేశారు.

భర్త పోయిన ఏడాదికి, ఆమెకు ఇరవై ఆరేళ్లప్పుడు, అన్నయ్యలు ముగ్గురూ కూడబలుక్కుని ఉత్తరం రాశారు. ఒక్కొక్కరి ఇంట్లో నాలుగేసి నెలలు ఉండాలి. వచ్చే ఆదివారం పెద్దన్నయ్య వచ్చి తీసుకెళతాడు. ఆడపిల్లల బడిలో లెక్కల పంతులమ్మగా చేరమని కబురొచ్చిందీ ఆ వారమే.

"అన్నయ్యలు చెప్పినట్టు సర్దుకుపోతే అందరికీ సుఖమే కదా, మాస్టారూ?" అని అడిగింది.

ఆయన చింతపిక్కల సంచీ తెచ్చి ముందు పెట్టారు. "అయిదువేల ముప్ఫై తొమ్మిది ఉన్నాయి. సమానమైన వరుసలుగా పేర్చి, ఇది ఏ జాతి సంఖ్యో చెప్పమ్మా."

మూడు వరుసలు వేస్తే రెండు మిగిలాయి. నాలుగు వేస్తే మూడు, అయిదు వేస్తే నాలుగు. పది దాకా ఇదే గొడవ, ఎప్పుడూ ఒక్క పిక్కే తక్కువ. ఒక్కదాని కోసం ఇంత అవస్థ దేనికని సుభద్ర మర్నాడు తన వంటింట్లోంచి ఓ పిక్క తెచ్చి కలిపేసింది. ఇక అడ్డేముంది? ఇప్పుడు లెక్క అయిదువేల నలభై. అది మూడుతో శేషం లేకుండా పోయింది, ఏడుతో పోయింది, మొత్తం అరవై భాజకాలు తేలాయి. సంబరంగా వెళ్లి చెప్పింది.

"అందరితోనూ కలిసిపోయే సంఖ్యే," అన్నారు మాస్టారు. "కానీ నేనిచ్చింది ఇది కాదు."

ఆమెకు ఒళ్లు మండింది. పిక్క తీసేసి, పలక పట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. వర్గమూలం దాకా, అంటే డెబ్బై దాకా చూస్తే చాలని ఆయన నేర్పిందే. ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ అరవై ఏడు దాకా వెళ్లింది. శనివారం సాయంత్రానికి అర్థమైంది: అది దేనితోనూ పోదు, అదే ఒక ప్రధాన సంఖ్య. దాన్ని ఎలాగైనా పంచేయాలని తనే ఎంత తాపత్రయపడిందో తలుచుకుని ఏడ్చింది. ఏడ్చాక మనసు తేలికపడింది.

ఆదివారం పెద్దన్నయ్య వచ్చాడు. తను రానని, బడిలో చేరుతున్నానని సుభద్ర చెప్పేసింది. అతను చెల్లెల్ని వెంటబెట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"ముగ్గురం తలో నాలుగు నెలలూ కళ్లలో పెట్టుకుని చూసుకుంటామంటే వద్దంటోందండీ. మీరైనా నచ్చజెప్పండి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మూడుతో పోదు నాయనా," అన్నారు. "వారమంతా కూర్చుని తనే చేసి చూసింది."