పురుగు తొలిచిన తాటాకు

పూర్వం ఒక మెట్ట ఊళ్ళో పోలమ్మ అనే మేదరి స్త్రీ ఉండేది. తాతముత్తాతల నుంచి ఆమె ఇంటివాళ్ళు బుట్టలల్లుకు బతికే వెదురు తోపు మీద పెత్తందారు కొండలరాయుడి కన్ను పడింది. రాజుగారి ధర్మాధికారి ఊరికి రాగానే, కొండలరాయుడు ఊరి వంశాల వివరాలుండే తాటాకుల కట్ట తెప్పించి, అందులో ఒక ఆకు తీసి చూపించాడు.

“నూరేళ్ళనాటి రాత, అయ్యా! తోపు మా ముత్తాతది. వీళ్ళ ముత్తాత దానికి కాపలా మనిషి.”

ఆకు పాతదే. నిండా పురుగు తొలిచిన చిల్లులు. అధికారి తల ఊపాడు.

“మా ముత్తాత పేరుందంటున్నారు. ఒకసారి చూస్తానండీ,” అంది పోలమ్మ.

“అక్షరం ముక్క రాదు, ఏం చూస్తావే?” అని నవ్వాడు కొండలరాయుడు.

“చూడ్డానికి కళ్ళు చాలు కదా, దొరా!”

ఆమె ఆ ఆకునూ, కట్టలోని మరో నాలుగాకులనూ తిప్పి తిప్పి చూసింది.

“అయ్యా, మిగతా ఆకుల్లో పురుగు అక్షరాలను కూడా కొరికేసింది. ఈ ఆకులో ఒక్క అక్షరమూ పోలేదు. చిల్లు వచ్చిన చోటల్లా రాత ఆగి, దాన్ని దాటి మళ్ళీ మొదలైంది. పురుగు ఎక్కడ తొలుస్తుందో నూరేళ్ళ కిందట రాసినాయనకు ముందే ఎలా తెలిసిందండీ?”

అధికారి ఆకును వెలుగులోకి ఎత్తి చూశాడు. ఖాళీగా మిగిలిన పాత ఆకు మీద కొత్తగా రాయించారని తేలిపోయింది. తోపు పోలమ్మకే నిలిచింది.

తిన్నది తిన్నచోటే చూపించే ఆ పురుగుకున్న నిజాయితీ కూడా పెత్తందారుకు లేకపోయింది.