మొసలి నోట్లో సాక్షులు

ఒకానొక రాజ్యంలో, పేరు నన్నడక్కండి, చెప్పిన మా అవ్వకే గుర్తులేదు, రణధీర భూపతి అని ఒక రాజుండేవాడు. మంచివాడే. కానీ తనంతటి ధర్మప్రభువు భూమ్మీద లేడని ఆయన నమ్మకం. పిల్లీ ఎలుకా తగవు పడ్డా పిలిపించి తీర్పు చెప్పేవాడు.

ఓ వేసవి పొద్దున ఆయన అయిదేళ్ల కూతురు చిన్నమదేవినీ, కొందరు విలుకాళ్లనూ వెంటబెట్టుకుని ఏటికి వచ్చాడు. పడవ నడిపే ముసలి పైడన్న వాళ్లను అవతలి ఒడ్డుకు చేర్చాడు. రాజు కూతుర్ని ఎత్తి దించాడో లేదో, ఎదురుగా ఇసుకదిబ్బ మీద ఒక ఆడమొసలి కనబడింది. ఇసుక తవ్వి, గుడ్లలోంచి అప్పుడే బయటపడ్డ పిల్లల్ని ఒక్కొక్కటే నోట వేసుకుంటోంది.

"కన్నబిడ్డల్నే మింగుతోంది పాపిష్టిది. అడిగితే కన్నీళ్లు కూడా కారుస్తుంది. కొట్టండి" అన్నాడు రాజు. విలుకాళ్లు బాణాలు ఎక్కుపెట్టారు.

పైడన్న ఆ మొసలిని ఇరవై ఏళ్లుగా ఎరుగును. ఏట్లో కొట్టుకొచ్చే చచ్చినవాటిని తిని ఊరి నీళ్లు కుళ్లకుండా కాసేది అదే. రెండు నెలలుగా ఆ దిబ్బను కనిపెట్టుకునే ఉంది, పిచ్చితల్లి. కానీ రాజుగారితో "మీకు తెలియదు" అంటే తల నిలుస్తుందా?

వెళ్లి విలుకాళ్లకు అడ్డంగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. "బాబయ్యా, సాక్షుల్ని విచారించకుండా ఏలినవారు ఏనాడైనా తీర్పు చెప్పారా?"

రాజు మీసం దువ్వాడు. "ఎన్నడూ లేదు. ఏరీ సాక్షులు?"

"దాని నోట్లో ఉన్నారు. నీళ్లదాకా పోనివ్వండి, వాళ్లే వస్తారు. రాకపోతే నా తల తీయించండి."

ధర్మప్రభువుకి కాదనే దారి లేకపోయింది. మొసలి మెల్లగా పాక్కుంటూ వెళ్లి, నీళ్లలో దిగి నోరు తెరిచింది. జానెడు పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చి తల్లి చుట్టూ ఈదసాగాయి. చిన్నమదేవి చప్పట్లు కొట్టింది. పైడన్న తలపాగా కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

రాజుకి తల కొట్టేసినట్టయింది. "అయితే మాత్రం, బిడ్డల్ని మోసే నోటికి అన్ని పళ్లెందుకోయ్?" అన్నాడు.

"ఇందాక అమ్మాయిగారిని దించిన చెయ్యి కత్తి పట్టే చెయ్యే కదా బాబయ్యా. మేమెవరమూ అడ్డుపడలేదే."

రాజు తన చెయ్యి చూసుకున్నాడు, కూతుర్ని చూశాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

ఆ దిబ్బ మీద ఎవరూ కాలు పెట్టకుండా దాన్ని మొసలికే ఇప్పించమన్నాడు పైడన్న.

"ఇచ్చాం. మరి నీకు?"

"నా తల నాకు మిగిలింది, చాలు."

రాజు మెడలో హారం తీసి ముసలాయన మెడలో వేశాడు. తిరిగి పడవెక్కేటప్పుడు నడుముకున్న కత్తి విప్పి పైడన్న చేతిలో పెట్టాడు. "ఈ పళ్లు కాసేపు నీ దగ్గరుంచు" అని, రెండు చేతులా కూతుర్ని ఎత్తుకున్నాడు.