వెంట పరిగెత్తని పాటల పెట్టె

అనకాపల్లిలో సన్యాసిరావు అనే డోలక్ వాయిద్యకారుడు ఉండేవాడు. డోలక్ మీద ఆయన చేతులు ఎంత చురుగ్గా ఆడేవో, పాట ఎక్కడ చెడినా ఎదుటివాళ్ళ వైపు ఆయన వేలు అంత చురుగ్గా తిరిగేది.

ఆ చేతుల గొప్పతనం మాత్రం చెప్పుకోవలసిందే. ఆయన ఇంట్లో దరువు వేస్తే బెల్లం బజారులో దిమ్మలు వాటంతట అవే పగిలి ముక్కలయ్యేవి. శారదా నది అవతలి గట్టున మేస్తున్న గేదెలు తలలెత్తి తోకలతో తాళం వేసేవి. నమ్మకం లేకపోతే వెళ్ళి ఆ గేదెలనే అడగండి.

ఆయనకో పాటల జట్టు ఉండేది. భార్య నూకరత్నం పాడేది. అక్క మొగుడు జగ్గునాయుడు హార్మోనియం వాయించేవాడు. ఒకప్పుడు ఫ్లూటూ, వయొలినూ కూడా ఉండేవి. కానీ పాట జారినప్పుడల్లా సన్యాసిరావు "ఆ ఫ్లూటుకి ఊపిరి లేదు", "ఆ వయొలిను కూర్చునే కునుకు తీస్తోంది" అని వాళ్ళను వేదిక మీదే కడిగేసేవాడు. ఫ్లూటు ఆయన విసిగిపోయి టైర్లకు గాలి కొట్టే షాపు పెట్టుకున్నాడు. "టైరైతే గాలి పుచ్చుకుని మర్యాదగా పోతుంది, తిరిగి ఒక్క మాట అనదు" అన్నాడు. వయొలిన్ ఆయన సామాను సర్దుకుని, డోలక్ చప్పుడు వినపడని ఊరు వచ్చేదాకా ఆగకుండా వెళ్ళాడు. అది తుని దాటాక గాని రాలేదట.

ఇక మిగిలింది బావ ఒక్కడే. జగ్గునాయుడి ఓర్పు అంతా ఇంతా కాదు. ఆయన నెత్తి మీద కాకి గూడు కట్టి పిల్లల్ని పెట్టినా, వాటికి రెక్కలు వచ్చి ఎగిరిపోయేదాకా తల కదపకుండా కూర్చునేవాడు. అలాంటి మనిషి కూడా ఒక పెళ్ళి కచేరీలో మాట పడ్డాక హార్మోనియం సంచిలో పెట్టుకుంటూ అన్నాడు.

"ఒరేయ్ సన్యాసీ, మీ అక్క మొహం చూసి ఇన్నాళ్ళూ పడ్డాను. ఇంకొక్కసారి తప్పు నాదన్నావా, ఈ పెట్టెకి మూత వేసి పోతాను. మళ్ళీ నీ పక్కన కూర్చోను."

"ఏటి బావా, ఉత్తినే అంటే అంత పట్టింపేటి?" అని సన్యాసిరావు నవ్వేశాడు. కానీ ఆయనకూ తెలుసు. బావ పోతే జట్టు లేదు. జట్టు లేకపోతే తన డోలక్ వినేది ఆ గేదెలే.

అలా ఉండగా అమ్మవారి జాతర వచ్చింది. కమిటీ పెద్దలు కబురు పెట్టారు. "ఈ ఏడు ఊరేగింపు పొడుగునా మైకుల్లో మీ పాటే వేస్తాం. శుక్రవారం పొద్దు గూకేలోగా రికార్డు చేసి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే చెప్పండి, పొరుగూరి జట్టు కాచుకుని ఉంది."

"వైజాగ్ పోయి స్టూడియో మాట్లాడేసరికి జాతర అయిపోతుంది" అని సన్యాసిరావు తల పట్టుకున్నాడు.

"స్టూడియో ఎందుకండీ? నా పెట్టె ఉంది కదా" అంది నూకరత్నం.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. నూకరత్నం తమ్ముడు వైజాగ్‌లో పాటలు రికార్డు చేసే పని చేసేవాడు. అక్కడి స్టూడియోవాళ్ళు కొత్త సామాను కొనుక్కున్నాక పాత మల్టీట్రాక్ రికార్డరు ఒకటి అక్కకు తెచ్చి ఇచ్చాడు. కూర్చునే పీట అంత ఉంటుంది. దానికి కంప్యూటరు అక్కర్లేదు, ఇంకో మిషనూ అక్కర్లేదు. కరెంటు పెట్టి మైకు గుచ్చితే చాలు. అయితే దాని మీద ఆకాశంలో చుక్కలున్నన్ని మీటలు! ఊళ్ళో మగవాళ్ళు చాలామంది వచ్చి చూసి, ఒక మీట నొక్కి, అది కుయ్యిమనగానే చెప్పులు కూడా మరిచిపోయి పారిపోయారు. నూకరత్నం మాత్రం దానితో వచ్చిన పుస్తకం ముందు వేసుకుని కూర్చుంది. పప్పు ఉడుకుతున్నా చదివింది, బట్టలు ఆరేస్తూ చదివింది. ఒక మీట నేర్చుకున్న రోజున చారులో ఉప్పు వేసేది కాదు. రెండు నేర్చుకున్న రోజున చారే పెట్టేది కాదు. వానాకాలం వెళ్ళేసరికి, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి ఏది ఏ మీటో చెప్పేసే స్థితికి వచ్చింది. ఆవిడ నడిచి వస్తుంటే ఆ పెట్టెలో దీపాలు వాటంతట అవే వెలిగేవని వీధిలో అనుకునేవాళ్ళు.

శుక్రవారం మధ్యాహ్నం పడమటి గదిలో కిటికీలకు బొంతలు కట్టారు. తలుపుకు పరుపు ఆనించారు. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. ఆ ఉక్కకు గోడ మీది బల్లి కూడా చెమటతో జారి కింద పడింది.

నూకరత్నం పని ఎలా జరుగుతుందో చెప్పింది. "ఇది విస్తరి లాంటిదండీ. కూర ఒక పక్క, పప్పు ఒక పక్క, పచ్చడి ఒక పక్క. ఒకరి తర్వాత ఒకరు వాయించాలి, ఎవరిది వాళ్ళకు వేరే ట్రాకులో పడుతుంది. అన్నీ అయ్యాక నేను కలుపుతాను. ముందుగా పెట్టె టిక్కు టిక్కుమని తాళం కొడుతుంది. అది మన చెవుల్లోనే వినిపిస్తుంది, పాటలో ఉండదు. అందరం దాన్ని పట్టుకునే పోవాలి."

జగ్గునాయుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని టిక్కు వింటూ హార్మోనియం వాయించాడు. ఆ తర్వాత నూకరత్నం టిక్కూ, హార్మోనియమూ వింటూ పాడింది. రెండో చరణంలో ఆవిడ గొంతు ఎత్తుకుంటే బొంతల మీద కుట్టిన గుడ్డ పువ్వులు విచ్చుకున్నాయి.

సన్యాసిరావు వంతు వచ్చింది. హెడ్‌ఫోన్లు తగిలించుకోగానే ముఖం చిట్లించాడు.

"ఇదేటిది, చెవిలో బల్లి కూసినట్టు? తీసెయ్ రత్నం."

"అది తాళం అండీ."

"తాళమా? నాకా? ఊరందరికీ తాళం నేనూ, నాకు తాళం ఈ పీటా? తీసెయ్ అన్నానా!"

నూకరత్నం ఆయన చెవిలో టిక్కు ఆపేసింది. హార్మోనియం, పాట మాత్రం ఉంచింది. సన్యాసిరావు డోలక్ ఒళ్ళోకి లాక్కుని మొదలుపెట్టాడు. ఏం వాయింపు అది! పల్లవికి పక్కింటి వాళ్ళ ఇత్తడి బిందెలు గుండ్రంగా తిరిగాయి. మొదటి చరణానికి ఆయనకు ఒక చెవి హెడ్‌ఫోను జారింది. రెండో చరణానికి రెండోదీ జారి మెడలో పడింది. పాట ఆయనకు కంఠతా వచ్చు కదా, వినడం ఎందుకు? కళ్ళు మూసుకుని వాయించుకుపోయాడు. ఆఖరి దెబ్బ కొట్టి, చెమట తుడుచుకుని, "కలుపు రత్నం" అన్నాడు.

నూకరత్నం మూడూ కలిపి వినిపించింది.

పల్లవి బాగానే ఉంది. మొదటి చరణంలో ఏదో కాలికి కాలు తగిలినట్టు అయింది. రెండో చరణానికి వచ్చేసరికి సంతలో తాడు తెగిన మేకల్లా ఒకటి ఇటూ, ఒకటి అటూ పోయాయి. పాట ఇంకా నడుస్తుండగానే డోలక్ ముక్తాయింపు ఇచ్చేసి కూర్చుంది.

సన్యాసిరావు వేలు అలవాటుగా లేచింది. "చూశావా రత్నం? బావ హార్మోనియం ఈడుస్తున్నాడు. ఆ వేళ్ళకు ఆముదం రాసుకున్నాడేటో!"

జగ్గునాయుడు హార్మోనియం మూత వేశాడు. పక్క కొక్కేలు పెట్టాడు. సంచి భుజాన వేసుకుని లేచాడు.

"అన్నయ్యా, ఒక్క నిమిషం కూర్చోండి" అంది నూకరత్నం. "ఏమండీ, మీరు ఇలా రండి. ఈ మీట పేరు సోలో. ఏ ట్రాకు మీద నొక్కితే అదొక్కటే వినిపిస్తుంది. టిక్కు కూడా పక్కన పెడతాను. మీరే నొక్కండి."

సన్యాసిరావు హార్మోనియం ట్రాకు మీట నొక్కాడు. పల్లవి నుంచి చివరి దాకా హార్మోనియం టిక్కు మీద అడుగు తీసి అడుగు వేసింది, చక్కెర దగ్గరికి పోయే చీమల బారులా. ఎక్కడా ఒక్క చీమ వరస తప్పలేదు. పాట మీట నొక్కాడు. అదీ అంతే.

ఇక తన మీట. ఆయన వేలు దాని మీదికి పోవడానికి ఒక యుగం పట్టింది. ఆ యుగంలో పక్కింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది.

నొక్కాడు. పల్లవిలో దరువూ, టిక్కూ కలిసే నడిచాయి. చరణంలో దరువు కాస్త ముందుకు వెళ్ళింది. ఇంకాస్త వెళ్ళింది. రెండో చరణంలో టిక్కు ఎక్కడో వెనక కశింకోటలో ఉంది, దరువు తాళ్ళపాలెం దాటిపోయింది.

"పెట్టె పాడైంది" అన్నాడు సన్యాసిరావు.

"మళ్ళీ నొక్కండి" అంది నూకరత్నం.

మళ్ళీ నొక్కాడు. పెట్టె అదే వినిపించింది. గుడ్లురిమి చూశాడు. ఆ చూపుకు మనుషులైతే "అవునవును, తప్పు మాదే" అనేవాళ్ళు. పెట్టె భయపడలేదు, మొహమాటపడలేదు.

సన్యాసిరావుకు అసలు సంగతి అర్థం కాలేదు. "ఇలా పరిగెత్తుతుంటే మరి కచేరీల్లో ఇన్నేళ్ళూ పాట చివరి దాకా ఎలా వచ్చింది? ఎక్కడో కాస్త జారేది గాని, ఇలా విడిపోలేదే?"

నూకరత్నం జగ్గునాయుడి వైపు చూసింది. ఆయన గుమ్మం దగ్గర సంచితో నిలబడి ఉన్నాడు. సంచి పట్టీ సవరించుకుని అన్నాడు.

"నువ్వు ముందుకు పోతున్నావని తెలిసేది రా. ఒక్కడివే పోతే నలుగురిలో నీ పరువు పోతుంది కదా. అందుకని నేను కూడా వేళ్ళు పరిగెత్తించేవాణ్ణి. మా చెల్లి గొంతు పరిగెత్తించేది. ఆ ఫ్లూటు ఆయనా, వయొలిన్ ఆయనా అలాగే పరిగెత్తేవారు. నీ దగ్గరికి చేరేలోపు ఎక్కడో ఒక స్వరం జారేది. ఆ జారినదానికి నువ్వు మమ్మల్ని తిట్టేవాడివి. ఇవాళ నా హార్మోనియం ముందే పెట్టెలో పడిపోయింది. నీ వెంట పరిగెత్తడానికి నేను లేను."

సన్యాసిరావు మీట మీది వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నా వెంట పరిగెత్తావా బావా?" అన్నాడు.

"మరి ఒంటరిగా వదిలెయ్యమంటావేటి?"

సన్యాసిరావు లేచి, బావ భుజం మీది సంచి తన చేతుల్లోకి తీసుకుని మెల్లగా కింద పెట్టాడు. తర్వాత డోలక్ ముందు కూర్చుని హెడ్‌ఫోన్లు రెండు చెవులకూ గట్టిగా నొక్కి పెట్టుకున్నాడు.

"రత్నం, నా ట్రాకు చెరిపెయ్. ఆ టిక్కు నా చెవిలో పెట్టు. గట్టిగా పెట్టు."

ఇక్కడి నుంచే సన్యాసిరావు గొప్పతనం మొదలైంది. అంతకు ముందు దిమ్మలు పగలగొట్టడం, గేదెల్ని ఆడించడం ఒక గొప్పేనా? ఆ మధ్యాహ్నం ఆయన మొదటి చరణంలో మళ్ళీ ముందుకు పోయాడు. పోయిన వెంటనే డోలక్ ఆపేసి, "తప్పు నాది. ఇంకోసారి" అన్నాడు. ఆ మాట ఆ గోడలు ఎప్పుడూ విని ఉండకపోవడంతో, అదిరిపడి కాస్త సున్నం రాల్చాయి. మళ్ళీ తప్పాడు. "నాదే. ఇంకోసారి" అన్నాడు. వేళ్ళు వాచాయి, చొక్కా పిండితే చిన్న చెరువు నిండేది. బావ గుమ్మంలోంచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. తర్వాత జరిగి దగ్గరగా కూర్చున్నాడు. ఆ తర్వాత బావమరిది మోకాలి మీద వేలితో టిక్కు కొట్టడం మొదలుపెట్టాడు.

"తొందర లేదు రా. అమ్మవారు ఎక్కడికీ పోదు" అన్నాడు.

బయట ఎండ గోడలెక్కుతుండగా ఒకసారి దరువు పల్లవి నుంచి ముక్తాయింపు దాకా పాటతో కలిసి వచ్చింది. ఏ చరణంలోనూ ముందుకు ఉరకలేదు. నూకరత్నం అన్నీ కలిపింది. హార్మోనియం కాస్త వెనక్కి, గొంతు కాస్త ముందుకు, డోలక్ ఎంత ఉండాలో అంత. ఆవిడ వేళ్ళు ఆ మీటల మీద తిరుగుతుంటే, విస్తట్లో ఏది ఎంత కలుపుకోవాలో పుట్టుకతోనే తెలిసిన మనిషిలా ఉంది. ముగ్గురూ విన్నారు. ఎవరి వేలూ ఎవరి వైపూ లేవలేదు. జగ్గునాయుడు ఫ్యాను వేసి, "టీ పెట్టమ్మా" అన్నాడు.

పొద్దు గూకకముందే పాట కమిటీ వాళ్ళ చేతికి చేరింది.

జాతర రోజున ఆ పాట అనకాపల్లి వీధులన్నింటా మోగింది. పులి వేషాలవాళ్ళు తమ డప్పులు ఆపి దానికే ఆడారు. జెండా కర్రలు ఊగాయి. సముద్రం ముత్యాలమ్మపాలెం దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చి విని వెళ్ళింది. కమిటీ పెద్ద జనాన్ని తోసుకుంటూ వచ్చి సన్యాసిరావు చేతులు పట్టుకున్నాడు.

"ఏం డోలక్ అయ్యా! ఒక్క దెబ్బ అటూ ఇటూ లేదు. ఇంతకు ముందు మీ పాట ఎన్నోసార్లు విన్నాం గాని, ఇలా లేదే? అప్పుడు లోపం ఎవరిది?"

జగ్గునాయుడు పక్కనే ఉన్నాడు. ఆయన వెంటనే నోరు తెరిచాడు, ఏదో ఒకటి చెప్పి మాట మళ్ళించడానికి. సన్యాసిరావు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాదేనండి. ఇన్నేళ్ళూ మా బావ దాన్ని ఎవరికీ వినపడనివ్వలేదు" అన్నాడు.

నలుగురు కలిసి చేసే పని చెడినప్పుడు ముందుగా మన వంతు ఒక్కటీ విడదీసి చూసుకోవాలి. మనం తిడుతున్నవాళ్ళే ఇన్నాళ్ళూ మన తప్పును కప్పిపుచ్చుతూ ఉండవచ్చు.