బండి కాగితంలో నక్క

“గిట్టలున్న ఏ జీవికీ ఈ రెండడవుల నడుమ అడ్డుండదు. దారి అందరిదీ. ఇది సింహం మాట, తిరుగులేదు.”

మేడిమడుగు అడవి సింహం పోయిన ఏడాది ఇలా గర్జించినప్పుడు, పక్కనున్న కొండ్రవాగు అడవిలో ఎడ్లు తోకలెత్తి గంతులేశాయి. ఈ ఏడాది అదే దారికి అడ్డంగా రెండు వెదురు గేట్లు లేచాయి. కొండ్రవాగు వైపు గేటు దగ్గర కొంగ. మేడిమడుగు వైపు గేటు దగ్గర నక్క, దాని పక్కన కాపలాకు ఒక ముంగిస. రెండు గేట్ల మధ్య ఎవరిదీ కాని ఖాళీ నేల. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి.

ఆ వేసవిలో కార్చిచ్చు మేడిమడుగును నాకేసింది. జింకలకు నమలడానికి బూడిద తప్ప ఏమీ మిగల్లేదు. సంగతి విని కొండ్రవాగు పశువులన్నీ గడ్డిగింజలు పోగుచేసి, గోనెల్లో నింపి, బండికెత్తాయి. తొలకరి పడేలోగా చల్లితే అది గడ్డి. ఆ తొలకరి గోనెల మీదే పడితే గింజలు గోనెల్లోనే మొలకెత్తి కుళ్లిపోతాయి. జింకలకు ఈ ఏడు ఇక మేత లేనట్టే.

బండి లాగడానికి వలపట నల్లటి కర్రన్న, దాపట తెల్లటి పాలగాడు. కోడెవయసు నుంచీ కర్రన్నకు కుడి కాడి, పాలగాడికి ఎడమ కాడి అలవాటు. కర్రన్న మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టుండేవాడు. పాలగాడు అలా కాదు. కొత్త రక్తం. దారి పొడుగునా “గిట్టలన్నీ ఒక్కటే! దారి మన హక్కు! కంచెలు కూలాలి!” అని రంకెలేస్తూనే ఉన్నాడు.

“గొంతు దాచుకోరా అబ్బాయ్, మెట్ట ఎక్కాలి” అన్నాడు కర్రన్న.

మొదటి గేటు దగ్గర కొంగ బండి వెనక ఒంటికాలి మీద నిలబడి, తాటాకు మీద బండికి దారి కాగితం రాసింది: కుడి నల్లెద్దు, ఎడమ తెల్లెద్దు, బండి ఒకటి, గింజల గోనెలు. ముద్ర గుద్దింది. “వెళ్లిరండి” అంది.

రెండో గేటు దగ్గర నక్క ఆ తాటాకును ముక్కుకు ఆనించుకుని చదివింది. వెదురుకు అవతల, బండికి ఎదురుగా నిలబడి ఎడ్లను ఎగాదిగా చూసింది.

“ఏవయ్యా, నల్లెద్దు కుడి అని ఉంది. నాకు ఎడమన కనిపిస్తోందే?”

“నేను కుడినే ఉన్నానండి” అన్నాడు కర్రన్న.

“నా కళ్లు అబద్ధం చెబుతాయా?”

పాలగాడు ముందుకు దూసుకొచ్చాడు. “దారి అందరిదీ అని మీ సింహం గారే అన్నారు!”

“అన్నారు. దానికి ముద్ర ఉందా?”

మాటకు ముద్ర ఉంటుందని పాలగాడికి ఎవరూ చెప్పలేదు.

“కాగితం తప్పు. కొంగ దగ్గరికి పోయి కొత్తది తెచ్చుకోండి. దీని మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు చెల్లవు. ఇంకో మాట. కాళ్లున్నదీ చక్రాలున్నదీ, బండితో ఏది లోపలికొస్తే అది ఉత్తర కార్తె రాగానే బండితోనే బయటికి పోవాలి. ఒక్క కాలు తగ్గినా ఊరుకోను.”

బండి మళ్లీ వెనక్కి నడిచింది. కొంగ గేటు ఎత్తలేదు.

“మీరు వెళ్లిపోయారు కదా” అంది.

“ఎక్కడికీ వెళ్లలేదక్కా! ఇదిగో, నీ ఎదురుగానే ఉన్నాం!”

“నా లెక్కలో వెళ్లిపోయారు. వెళ్లిపోయినవాళ్లతో నేను మాట్లాడకూడదు. మాట్లాడాలంటే మీరు లోపలికి రావాలి. రావాలంటే అవతలి అడవి నుంచి బయలుదేరినట్టు కాగితం ఉండాలి.”

“అవతలి అడవిలోకి ఇంకా పోనే లేదే!”

“అయితే ఎలా వస్తారు?” అని కొంగ కళ్లు మూసుకుంది.

పాలగాడికి తల తిరిగింది. ఇటు వెళ్లిపోయిన ఎద్దు, అటు ఇంకా రాని ఎద్దు. మరి నడుమ నిలబడి తోకతో ఈగలు తోలుకుంటున్నది ఎవరు? పడమట మబ్బు కాటుక రంగు తిరుగుతోంది.

“అన్నా, మనం ఉన్నామా అసలు?”

“ఆకలేస్తోందా?”

“వేస్తోంది.”

“అయితే ఉన్నాం. పద. కాడి మారదాం. నువ్వు కుడికి రా, నేను ఎడమకు వస్తాను. వాడి కళ్లకు ఏది కావాలో అదే చూపిద్దాం.”

అలవాటు లేని కాడి. బండి దారి విడిచి ఒకసారి తుప్పల్లోకి, ఒకసారి గుంటలోకి పోతూ ఎట్టకేలకు నక్క ముందు నిలిచింది.

“ఆఁ, ఇప్పుడు నల్లది నా కుడిన ఉంది. సరిపోయింది” అంది నక్క. “ఇక గోనెలు చూడాలి. బండి తిప్పి వెనకభాగం గేటుకు ఆనించండి.”

తిప్పి ఆనించాయి. నక్క గోనెలు చూడబోయి, వాటి మీదుగా ఎడ్ల వీపులు చూసింది. ముఖం మాడ్చుకుంది.

“మళ్లీ ఎడమకు వచ్చేసిందే నల్లది! దొంగాటలా?”

“ఒట్టు, మేం కదల్లేదు!” అన్నాడు పాలగాడు. అతని గొంతులో రంకె లేదు. దారంతా నెమరేసిన నినాదాల్లో ఒక్కటీ ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. గాలికి తడిమట్టి వాసన తగిలింది. ఎక్కడో అప్పుడే పడుతోంది వాన. “అయ్యా, నాకు నిజంగా అర్థం కావడం లేదు. ముందు నిలబడితే ఒకలాగా, వెనక నిలబడితే ఒకలాగా ఉంది. తమరే బండెక్కి, మా వీపుల మీదుగా చూసి, ఏది కుడో ఏది ఎడమో నేర్పండి. మీరు చెప్పినట్టే నిలబడతాం.”

నేర్పమంటే నక్కకు ఎక్కడలేని సంబరం. నేల మీద కాలు పెట్టకుండా వెదురు మీంచి ఒక్క గెంతు గెంతి గోనెల మీద కూర్చుంది. కాగితం ఒక చేత, ముద్ర ఒక చేత.

“చూడు. ఇది నా కుడి. ఇక్కడ నల్లది ఉండాలి. లేదు!”

“గేటు వైపు తిరిగితే?” అని అడిగాడు పాలగాడు.

“తిరిగితే కుడికి వస్తుంది. ఇందాక వచ్చిందిగా. తిప్పండి బండి!”

కర్రన్న చెవి ఒకసారి అల్లాడింది. పాలగాడికి అది ఈగ కోసం అనిపించింది. బండి కదిలింది. ఖాళీ నేలలో చుట్టు తిరిగి, తుప్పలు ఒరుసుకుని, గేటుకు ఎదురుగా వచ్చి ఆగింది. నక్క తొంగి చూసింది. నల్లెద్దు ఇంకా ఎడమనే ఉంది.

“అదేమిటి! గేటు వైపు తిరిగితే కుడికి రావాలే! ఇంకోసారి తిప్పండి!”

ఇంకోసారి తిరిగింది. నల్లది ఎడమనే. నక్క తన కుడి చేయి ఎత్తి చూసుకుంది, ఎడమ చేయి ఎత్తి చూసుకుంది. “ఒరే ముంగిసా, గేటెత్తు. దిగి చూస్తాను.”

ముంగిస గేటు ఎత్తలేదు. “కాగితం, అయ్యా.”

“ఏం కాగితం?”

“మీది. అవతలి నుంచి వస్తున్నారుగా.”

“నేను అధికారినిరా!”

“అధికారి గేటుకు లోపల ఉంటాడు, బయట ఉన్నవాడు ప్రయాణికుడు అని నాకు చెప్పింది మీరే. కన్నతల్లి వచ్చినా కాగితం అడగమన్నారు. మొన్న మా అమ్మ వస్తే అడిగాను కూడా.”

నక్క వెదురు వైపు చూసింది.

“దూకేరు, జాగ్రత్త” అంది ముంగిస. “కాగితం లేకుండా లోపలికి దూకితే సింహం గారి మధ్యాహ్న భోజనం. గేటు పలక మీద మీరే రాయించారు.”

నక్క వెనక్కి చూసింది. అవతలి గేటు దగ్గర కొంగ కళ్లు మూసుకునే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. టప్పున ఒక చినుకు దాని ముక్కు మీద పడింది.

అప్పుడు వెలిగింది పాలగాడికి. ఆ చెవి ఈగ కోసం అల్లాడలేదు! నక్క తన గేటుకు తానే బయటపడిందని కర్రన్న అప్పుడే పసిగట్టాడు. తిన్నగా తలెత్తి, నోట్లో నాలుక లేనట్టు అన్నాడు: “అయ్యా, కాగితం ఒక్కటే ఉంది. మా బండిది. అందులో మీ పేరు రాసుకోకూడదా? కానీ పాపం, అది చెల్లని కాగితం.”

“ఎవరన్నారు చెల్లదని?”

“మరి కుడి ఎడమల మాట?”

“కుడీ లేదు, ఎడమా లేదు! ఎద్దులు రెండు, అంతే!” నక్క గబగబా కింద ఒక వరుస చేర్చింది: ‘నక్క ఒకటి.’ మొత్తం కాగితం చెల్లుతుందని ముద్ర గుద్దింది. ముంగిస చదివింది. ఎద్దులు లెక్కపెట్టింది, చక్రాలు లెక్కపెట్టింది, నక్కను లెక్కపెట్టింది. గేటు లేచింది.

చినుకు చినుకుగా ఉండగానే బండి బూడిదనేల చేరింది. జింకలు పరుగెత్తుకొచ్చి గోనెలు విప్పాయి. గింజలు చల్లడం ముగిసిన తర్వాతే వాన విరుచుకుపడింది. పది రోజుల్లో నల్లటి నేల మీద పచ్చటి నూగు లేచింది. ఒక జింకపిల్ల దాన్ని మొదటిసారి కొరికి, ఇదేమిటన్నట్టు తల్లి వైపు చూసింది.

ఆ సాయంత్రం నక్క ఎడ్ల దగ్గరికి వచ్చింది. తోక కాళ్ల మధ్యన ఉంది. “బాబూ, ఆ కాగితంలో నా పేరు కొట్టేయించుకుందామని వచ్చాను.”

“కొట్టివేతలు చెల్లవు” అన్నాడు కర్రన్న, నెమరు ఆపకుండా.

“కాళ్లున్నది ఏది బండితో లోపలికొస్తే అది బండితోనే బయటికి పోవాలి” అన్నాడు పాలగాడు. “మీకు నాలుగున్నాయి. ఒక్కటి తగ్గినా ఊరుకోనన్నారు.”

“నేను పుట్టిందే ఇక్కడ!”

“దానికి ముద్ర ఉందా?”

నక్క కూలబడింది. ఎవరు తవ్విన గోతిలో వారే పడతారంటారు. దీని గొయ్యికి గేటు కూడా ఉంది.

మరునాడు పాలగాడు కొమ్ముతో గేటు పలక మీద సింహానికి అర్జీ గీశాడు. “దారి అందరిదీ అన్నారు. ఆ మాట నిజమైతే ఈ గేటు ఎందుకు? ఈ గేటు నిజమైతే ఆ మాట ఎందుకు? గేటు తీసేస్తే నక్క మీది. ఉంచితే, కాగితం ప్రకారం నక్క మాది. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. మా గంపలో మొదట ఎక్కేది అదే.”

“ఒక నీతి ముక్క కూడా రాయి” అన్నాడు కర్రన్న. “ఊరికే అరిచినట్టు ఉండకూడదు.”

పాలగాడు ఆలోచించి రాశాడు: “గేటు కట్టేవాడు తాను ఎల్లకాలం లోపలివైపే ఉంటాననుకోకూడదు.”

దాని కింద, పలక చీలేంత గట్టిగా గీశాడు: “జవాబు ఉత్తర కార్తె మొదటి రోజు పొద్దు పొడిచేలోగా కావాలి.”