అలివేణి పనసాకు బుట్టలు

అనగనగా, గోదారి కాలవ పక్కన ఒక ఊళ్ళో, అలివేణి అని ఒక అమ్మ ఉండేది. పుట్టింట్లో అమ్మ లేదు, అత్తింట్లో అత్త లేదు. ఏదైనా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్ళే లేరు పాపం. ఆమెకి తాయారని ఒక్కగానొక్క కూతురు. అచ్చం నీలాగే వసపిట్ట.

పోలాల అమావాస్య వచ్చింది. పిల్లలు చల్లగా ఉండాలని అమ్మలు చేసుకునే పండగ అది. ఆ ఊళ్ళో ఆ రోజు ప్రతి అమ్మా నాలుగు పనసాకులు కలిపి, పుల్లలు గుచ్చి, బుట్టలు కుడుతుంది. వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్కలు. పిల్లలు ఎదురుచూసేది వాటికోసమే.

అలివేణి ఒక బుట్ట కుట్టింది. పిండి పోయగానే విచ్చుకుపోయింది. అప్పుడు రెండోది కుట్టింది. పుల్ల గుచ్చితే ఆకు చిరిగింది. ఆ తర్వాత మూడోది కుట్టింది. ఇది నిలబడిందిలే అనుకుని గిన్నెలో పెడితే, పిండంతా అడుగు నీళ్ళలోకి కారి గంజయిపోయింది. "ఇంత చిన్న పని రాదు, నేనేం తల్లిని?" అని అలివేణికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడేం చేసిందీ? దొడ్డిదారిన పక్కింటి సూరమ్మ దగ్గరికి వెళ్ళి ఆరు బుట్టలు అడిగి తెచ్చుకుంది. కొంగు కింద దాచుకుని మరీ తెచ్చింది. తాయారు నిద్ర లేచి "ఎవరు కుట్టారమ్మా?" అంటే, "నేనే" అనేసింది.

ఇంకేముంది! పొట్టిక్కలు ఉడకగానే తాయారు ఒకటి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "మా అమ్మే కుట్టింది" అని అందరికీ చెప్పింది. ఆఖరికి సూరమ్మకి కూడా చూపించింది. సూరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత బాగా కుట్టిందే మీ అమ్మ!" అంది. గోడ ఇవతల అలివేణి ఆ మాట విని సిగ్గుతో చచ్చిపోయింది. సూరమ్మ నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత తాయారు నాలుగు పనసాకులు పట్టుకొచ్చి అమ్మ ఒళ్ళో కూర్చుంది. "నాకూ నేర్పమ్మా" అంది.

అలివేణి ఆకులు తీసుకుంది గానీ చేతులాడలేదు. ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. పిల్ల మొహం చూసి మింగేసింది. "నాకు రాదు తల్లీ. అవి సూరమ్మ మామ్మ కుట్టినవి. నీతో అబద్ధం చెప్పాను."

తాయారు కళ్ళనిండా నీళ్ళు. "మరి నేను అందరికీ చెప్పేశానే!"

ఆ మాటతో అలివేణి సిగ్గు రెండింతలైంది. తన అబద్ధాన్ని పసిపిల్ల చేత ఇల్లిల్లూ మోయించింది కదా! అప్పుడు కూతురి చెయ్యి పట్టుకుని, వీధిలోంచి, అందరూ చూస్తుండగా సూరమ్మ ఇంటికి వెళ్ళింది.

"పిన్నిగారూ, నాకూ దీనికీ ఇద్దరికీ నేర్పండి" అంది తల వంచుకుని.

సూరమ్మ చాప వేసింది. "కూర్చో. పుల్ల ఈనె మీద గుచ్చకు, పక్కగా గుచ్చు" అంది. అంతే, నాలుగు ఆకులు చేతికిచ్చింది.

అలివేణి బుట్ట వంకరగా వచ్చింది. తాయారు దాన్ని చూసి ఒక్క గెంతు గెంతి వీధిలోకి పరిగెత్తింది. "మా అమ్మకి బుట్టలు కుట్టడం రాదండీ! ఇప్పుడే నేర్చుకుంటోందండీ! చూద్దురుగాని రండి!" అని మహా గొప్పగా కేకేసింది.

అలివేణికి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. దాక్కోలేదు. చెవులు ఎర్రబడిపోతుంటే, ఇంకో నాలుగు ఆకులు అందుకుంది.

కథ పోయె కంచికి,
కునుకొచ్చె కంటికి,
దుప్పటి నీ ఒంటికి,
మనం మన ఇంటికి.