మూడువందల పన్నెండు ప్రయాణాలు

"మంచి పనికి మనుషుల్ని ఆశ చూపి పిలవడం తప్పా, మాస్టారూ?" అని కాత్యాయని అడిగింది.

ఆమె సముద్రపు ఒడ్డునున్న ఒక నగరంలో సిటీ బస్సుల సంస్థ అధికారి. ఆదివారాలు జగ్గారావు మాస్టారి దగ్గర ఉపనిషత్తులు చదువుకునేది. జనం సొంత బళ్లు మాని బస్సెక్కాలని ఆమె ఒక ఆట తెచ్చింది. కార్డు తాకించి ఎక్కిన ప్రతిసారీ ఒక చుక్క. నెలాఖరుకు ఎక్కువ చుక్కలున్నవారికి ఫ్రిజ్. బస్సులు నిండుతున్నాయి. అయినా ఆమె మనసులో ఏదో నలుగుతూనే ఉంది.

మాస్టారు పుస్తకం మూశారు. "ఈ నెల గెలిచిందెవరు?"

"పైడయ్య అని ఒకాయన. మూడువందల పన్నెండుసార్లు ఎక్కాడు! ఆశ మనిషిని ఎంత తిప్పుతుందో చూడండి."

"నువ్వు చూశావా ఆయన్ని?"

చూడలేదంది. "చూసి రామ్మా" అన్నారాయన.

మర్నాడు కండక్టర్లను అడిగి ఆయన ఎక్కిన బస్సు పట్టుకుంది. పైడయ్య జూట్‌మిల్లులో పనిచేసి విరమించిన మనిషి. కిటికీ పక్కన కూర్చుని, బస్సు ఆగిన ప్రతిచోటా మెడ చాచి స్టాపులోని మొహాలన్నీ వెతుకుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని బహుమతి సంగతి చెప్పింది.

"ఫ్రిజ్జు నాకెందుకు తల్లీ?" అన్నాడు కళ్లు తిప్పకుండానే. "మా ఇంటిది సన్యాసమ్మకి మతి నిలవదు. నెల్లాళ్ల కిందట ఎటో బస్సెక్కిపోయింది. పోలీసులకీ చెప్పాను. ఎక్కడో ఓ స్టాపులో కూకునుంటాదని తిరుగుతున్నాను."

ఆ మూడువందల పన్నెండును కాత్యాయని మొన్ననే సమావేశంలో తెరమీద పెద్దక్షరాలతో వేయించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

దిగబోతుంటే ఆయన చొక్కా జేబులోంచి ఒక ఫోటో తీశాడు. "మీరు ఆఫీసరమ్మ కదా. బస్సుల్లో ఇది అంటించగలరా?"

ఆ వారంలోనే బహుమతుల ప్రకటనలు తీయించి, ప్రతి బస్సులోనూ సన్యాసమ్మ ఫోటో పెట్టించింది. తొమ్మిదో రోజున చేపలమ్ముకునే ఒకామె గంప నెత్తిన పెట్టుకుని తిన్నగా డిపోకు వచ్చింది. ఊరి చివర అనాథాశ్రమం అరుగుమీద ఈ మనిషిని చూశానంది. బేరం పోతుందని తెలిసీ దారి చూపడానికి కాత్యాయని, పైడయ్యల వెంట వెళ్లింది. ఆమె దగ్గర కార్డు లేదు, ఆట సంగతీ ఎరగదు.

సన్యాసమ్మ మొగుణ్ణి గుర్తుపట్టలేదు. కానీ అలసిపోయి నిలబడ్డ ఆయన్ని చూసి, కూర్చోమన్నట్టు అరుగుమీద పక్కకి జరిగింది. పైడయ్య కూర్చుని మొహం తువ్వాలులో దాచుకున్నాడు.

ఆదివారం కాత్యాయని ఇదంతా మాస్టారికి చెప్పింది. చివరికి, "నా ప్రశ్నకు జవాబు దొరికిందండీ. ఆ ఆట ఆపించేస్తాను" అంది.



"ఆపమని నేననలేదమ్మా," అన్నారు మాస్టారు. "ఇంతకీ ఆ చేపలమ్మే ఆమె పేరేమిటి?"

అది అడగనేలేదని కాత్యాయనికి అప్పుడు తట్టింది.